కన్సల్టెంటు చేతికి ఏం ఇవ్వాలి, ఏం ఇవ్వకూడదు: అమెరికా డిగ్రీ అడ్మిషన్లకు సాయం ఎంచుకునేవాళ్ల కోసం

నవంబరులో ఒక మధ్యాహ్నం పేపర్లు దిద్దుకుంటుంటే సెకండియర్ ఎంపీసీ కుర్రాడొకడు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే వచ్చి ఫోన్ నా ముందు పెట్టాడు. “సార్, కన్సల్టెన్సీ వాళ్లు మీ పేరుతో ఒక మెయిల్ ఐడీ చేశారు. రికమెండేషన్ లెటర్ కూడా వాళ్లే రాసి పెట్టారు. అమెరికా కాలేజీ వాళ్లెవరైనా అడిగితే మీరే రాశానని చెప్పండి సార్, చాలు.”

చదివాను. ఆ ఉత్తరం ప్రకారం వాడు నా పర్యవేక్షణలో రెండేళ్లపాటు సోలార్ సెల్స్ మీద పరిశోధన చేశాడు. మా ల్యాబులో ఉన్నవి మీటర్ బ్రిడ్జి, స్క్రూ గేజ్, లఘులోలకాలు. వాడిలో నిజంగా ఉన్న మంచి గుణం మాత్రం ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు. సాయంత్రం స్టడీ అవర్లో వెనక బెంచీల పిల్లలంతా వాడి చుట్టూ చేరతారు. ఘర్షణ లెక్కల్లో ఏ బలం ఎటు పనిచేస్తుందో వాడు బొమ్మ గీసి చెప్తే, నేను చెప్పినదానికంటే వాళ్లకి బాగా ఎక్కుతుంది. నన్నడిగి ఉంటే అదే రాసేవాణ్ణి. వాళ్ల నాన్న ఆ కన్సల్టెన్సీకి అప్పటికే 3 లక్షలు కట్టారు.

అంతకుముందు ఏడాదే మా అమ్మాయి ఇదే దారిలో నడిచింది. మేమూ ఒక కన్సల్టెంటు సాయం తీసుకున్నాం. ఆ డబ్బు వృథా పోయిందని ఒక్కరోజు కూడా అనుకోలేదు. అందుకే ‘కన్సల్టెన్సీలన్నీ మోసం’ అని చెప్పడానికి నేను ఇది రాయడం లేదు. విజయవాడలో పద్దెనిమిదేళ్లుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తున్నాను, తండ్రిగా కూడా ఇందులో పడి లేచాను. ఏ రకం సాయం ఎవరికి పనికొస్తుందో, ఎక్కడ ఆగాలో నాకు తెలిసినంతవరకు చెప్తాను.

ఒక మాట ముందే. ఇది ఎమ్మెస్ గురించి కాదు. ఇంటర్ అయ్యాక డిగ్రీకే అమెరికా వెళ్లాలనుకునే పిల్లల గురించి. అందులోనూ చాలా తక్కువమందిని తీసుకునే కాలేజీల గురించి. హార్వర్డ్ లాంటి చోట అప్లై చేసిన వందమందిలో సీటొచ్చేది నలుగురికి అటూ ఇటూ. అక్కడ మార్కులు గుమ్మం దాకా తీసుకెళ్తాయి, అంతే. ఆ తర్వాత ఎస్సేలు, టీచర్ల ఉత్తరాలు, పిల్లవాడు క్లాసు బయట ఏం చేశాడన్నది చూస్తారు. ర్యాంకును బట్టి సీటొచ్చే ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) పద్ధతికి అలవాటుపడిన మనకి కాళ్లు తడబడేది ఇక్కడే. ఆ తడబాటు మీదే ఈ వ్యాపారం నడుస్తోంది.

ముందు అడగాల్సింది: వీళ్లకి డబ్బు ఎవరిస్తున్నారు?

బెంజి సర్కిల్ చుట్టుపక్కల గానీ, హైదరాబాద్‌లో అమీర్‌పేట వైపు గానీ ఒకసారి నడిస్తే ‘సర్వీస్ చార్జి లేదు, అప్లికేషన్ ఫ్రీ’ అనే బోర్డులు కనిపిస్తాయి. ఫ్రీ ఎలా అవుతుంది? ఆఫీసుకి అద్దె ఉంది, స్టాఫ్‌కి జీతాలున్నాయి. ఆ డబ్బు యూనివర్సిటీ దగ్గర నుంచి వస్తుంది. మీ పిల్లవాడు చేరి ఫీజు కడితే అందులో కొంత కమీషన్‌గా కన్సల్టెన్సీకి వెళ్తుంది. అమెరికాలో తమ దేశపు విద్యార్థుల్ని ఇలా తలకింత అని కమీషన్ ఇచ్చి చేర్చుకోవడాన్ని అక్కడి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) చట్టం నిషేధించింది. ఫెడరల్ సాయం అందని విదేశీ విద్యార్థుల విషయంలో మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి ఇది చట్టవిరుద్ధం కాదు, దాచాల్సిన పని కూడా లేదు.

చిక్కల్లా ఏమిటంటే, బాగా పోటీ ఉన్న కాలేజీలు కమీషన్ ఇవ్వవు. ఎంఐటీకి ఏజెంటు అవసరం ఏముంది? వాళ్ల గుమ్మం ముందు క్యూ ఎప్పుడూ ఉంటుంది. అంటే ఫ్రీ కన్సల్టెన్సీ మీ అమ్మాయిని ప్రిన్స్‌టన్‌కి పంపితే వాళ్లకి ఒక్క రూపాయి రాదు. టై-అప్ ఉన్న యూనివర్సిటీకి పంపితే వస్తుంది. మేము మొదట వెళ్లిన చోట జరిగింది అచ్చంగా ఇదే. గోడ నిండా వీసా పట్టుకుని నవ్వుతున్న పిల్లల ఫోటోలు. పావుగంటలో ఆరు పేర్లతో లిస్టు చేతిలో పెట్టారు. మా అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో ఆ పావుగంటలో ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి వెతికితే ఆరూ వాళ్ల బ్రోచర్లో వెనక పేజీ మీద ఉన్న భాగస్వామ్య యూనివర్సిటీలే.

అయినా సరే, ఈ రకం కన్సల్టెన్సీ ఎవరికీ పనికిరాదని అనను. పెద్ద స్టేట్ యూనివర్సిటీ చాలు, ఫీజు కట్టగలం, ఫారాలు నింపడం, వీసా పేపర్ల దగ్గర తోడు కావాలి అనుకునే కుటుంబానికి వీళ్లు బాగానే ఉపయోగపడతారు. వాళ్లిచ్చిన లిస్టును బయట ఒకసారి సరిచూసుకుంటే చాలు. పోటీ కాలేజీల కోసమైతే మాత్రం ఆ గడప తొక్కడం దండగ.

మిగతా మూడు దారులు

డబ్బు మీరే ఇచ్చే కన్సల్టెంట్లు ఇంకో రకం. వీళ్లు రెండు విధాలు. ఒకటి, తొమ్మిదో తరగతి నుంచో ఇంటర్ మొదటి ఏడాది నుంచో చేతిలోకి తీసుకుని చివరిదాకా నడిపించే ఫుల్ ప్యాకేజీ. ఫీజు లక్షల్లో. రెండోది, గంటల లెక్కన సలహా ఇచ్చేవాళ్లు. వీళ్లు బోర్డులు పెట్టరు, ఎక్కువగా ఒకరి నోటి ద్వారా ఒకరికి తెలుస్తారు. అమెరికాలో ఇలాంటి స్వతంత్ర కన్సల్టెంట్లకి ఐఈసీఏ అనే సంఘం ఉంది. సభ్యులు కాలేజీల దగ్గర డబ్బు తీసుకోకూడదనీ, సీటు గ్యారంటీ అని చెప్పకూడదనీ దాని నియమాలు. మీరు మాట్లాడే మనిషి సభ్యుడైనా కాకపోయినా ఆ రెండు నియమాలతో కొలిచి చూడండి.

మూడో దారి చాలామందికి తెలియనిది: ఎడ్యుకేషన్ యూఎస్ఏ. అమెరికా విదేశాంగ శాఖ నడిపే సలహా కేంద్రాల నెట్‌వర్క్ ఇది. హైదరాబాద్‌లోనూ ఉంది. సమాచారం ఉచితం, కమీషన్ ఏజెంట్లతో కలిసి పనిచేయకూడదన్నది వాళ్ల నియమం. కాలేజీలు ఎన్ని రకాలు, స్కాలర్‌షిప్ అంటే నిజంగా ఏమిటి, ఏ ఫారం ఎప్పుడు అన్న పునాదంతా అక్కడ దొరుకుతుంది. దొరకనిది ఒక్కటే, మీ పిల్ల ఎస్సే పక్కన రాత్రి తొమ్మిదింటికి కూర్చునే మనిషి. అంతమందికి అలా కూర్చోవడం వాళ్లకి సాధ్యం కాదు కూడా.

మేము చేసింది ఈ రెంటినీ కలిపి. మొదట ఎడ్యుకేషన్ యూఎస్ఏ వాళ్ల సెషన్లు విని, చదివి, సొంతంగా ఒక లిస్టు రాసుకున్నాం. ఆ తర్వాత గంటల లెక్కన ఒక మేడమ్‌ని పెట్టుకున్నాం. ఆవిడది రాజమండ్రి, ఉండేది హైదరాబాద్‌లో. గంటకు 4 వేలు. జులై నుంచి డిసెంబరు దాకా మొత్తం 14 గంటలు, 56 వేలు. పూర్తిగా సొంతంగా, ఎవరి సాయం లేకుండా చేసుకున్న పిల్లలూ నాకు తెలుసు. ఇంగ్లీషులో ధైర్యంగా రాయగలిగి, అమెరికాలో చదువుతున్న అక్కో అన్నో ఉంటే అదీ కుదురుతుంది.

ఎస్సే దగ్గర తేడా తెలుస్తుంది

కామన్ యాప్ అనే ఒకే ఫారంతో 20 కాలేజీల దాకా అప్లై చేయవచ్చు. ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. (ఎంఐటీకీ, కాలిఫోర్నియా యూనివర్సిటీలకీ వాటి ఫారాలు వేరు.) అందులో 650 పదాలకు మించకుండా ఒక సొంత ఎస్సే. మా అమ్మాయి మొదట రాసింది చదివితే ఎవరిదైనా కావచ్చు. టెక్నాలజీతో గ్రామాల్ని మారుస్తానని రాసింది. తప్పేమీ లేదు, తన గురించి ఒక్క ముక్కా లేదు.

మేడమ్ దాన్ని దిద్దలేదు. పక్కన పెట్టేసి, వీడియో కాల్‌లో వేసవి సెలవుల గురించి అడిగారు. అమ్మాయి గుడివాడ అమ్మమ్మగారింటి గురించి మొదలుపెట్టింది. మాటల్లో పాల లెక్క వచ్చింది. మా అత్తగారు వంటింటి తలుపు వెనక బొగ్గుతో గీతలు గీస్తారు. పాలు పోసిన రోజుకి నిలువు గీత, నాగాకి సున్నా. పాలాయన దగ్గర చిన్న నోటుబుక్కు. నెలాఖరున ఇద్దరి లెక్కా ఎప్పుడూ కలవదు. మా అమ్మాయి ఏడేళ్లప్పటి నుంచి ఆ ఇద్దరి మధ్యా పంచాయితీ తీర్చేది.

“నాగా అని ఎవరు నిర్ణయిస్తారు?” అని అడిగారు మేడమ్.

అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. పాలాయన వచ్చి తలుపు తట్టి, ఎవరూ తీయకపోతే వెళ్లిపోయిన రోజు ఆయన లెక్కలో పోసిన రోజే. అమ్మమ్మ లెక్కలో నాగా. ఇద్దరూ అబద్ధం ఆడటం లేదు. ఒకే రోజును ఇద్దరు రెండు రకాలుగా రాసుకున్నారు.

ఆ రాత్రి అది కూర్చుని రాసింది. డేటా సైన్స్ చదవాలని ఎందుకు ఉందో మాకే అప్పుడు అర్థమైంది. ఎస్సే ఏడుసార్లు మారింది. గూగుల్ డాక్స్‌లో మేడమ్ పెట్టిన కామెంట్లన్నీ నేను చూశాను, దాదాపు అన్నీ ప్రశ్నలే. ‘ఇక్కడ నీకు కోపం వచ్చిందా?’, ‘ఈ వాక్యం నువ్వు అమ్మమ్మకి చెప్పగలవా?’ ఆవిడ తన చేత్తో ఒక్క వాక్యం రాయలేదు. వ్యాకరణం తప్పులు కూడా కింద గీత గీసి వదిలేసేవారు.

ఫుల్ ప్యాకేజీలో చేరిన నా స్టూడెంటు ఒకమ్మాయి తన ఎస్సే నాకు చూపించింది. ఎంత నున్నటి ఇంగ్లీషో! “ఇందులో ఈ మాటకి అర్థం ఏంటమ్మా?” అని ఒక పదం మీద వేలు పెట్టాను. తలదించుకుంది. ఇంటర్వ్యూలో ఎవరైనా అదే అడిగితే ఆ పిల్ల పరిస్థితి ఏమిటని నాకు రాత్రంతా దిగులు. పైగా ఆ ఫారం చివర ‘ఇదంతా నా సొంత పని’ అని సంతకం పెట్టేది పిల్లే, కన్సల్టెంటు కాదు. ఏఐ చేత రాయించి తనదిగా పంపడాన్ని కూడా కామన్ యాప్ మోసం కిందే లెక్కేస్తోంది.

కాబట్టి ఎవరినైనా పెట్టుకునే ముందు ఒక గంట డబ్బిచ్చి కొనుక్కోండి. పిల్ల రాసిన ఒక చిత్తు ఎస్సే పంపండి. ప్రశ్నలతో తిరిగొస్తే ఆ మనిషిని పట్టుకోండి. ‘మెరుగుపరిచిన’ ఎస్సేతో తిరిగొస్తే అక్కడితో ఆపేయండి.

ఉత్తరాల సంగతి

టీచర్‌గా నా గుండె మండేది ఇక్కడ. పోటీ కాలేజీల్లో చాలావాటికి ఇద్దరు టీచర్ల ఉత్తరాలు కావాలి, స్కూల్ కౌన్సిలర్ (పిల్లలకి చదువు, అడ్మిషన్ల సలహాలిచ్చే ఉద్యోగి) ఇచ్చే రిపోర్టు కావాలి. పెద్ద ఇంటర్నేషనల్ స్కూళ్లలో ఇందుకే ఒక ఆఫీసు ఉంటుంది. మన జూనియర్ కాలేజీల్లో కౌన్సిలర్ అనే ఉద్యోగమే లేదు. ఒక్కో సెక్షన్లో అరవై, డెబ్బై మంది. లెక్చరర్లకి ఇలాంటి ఉత్తరం ఎలా ఉంటుందో తెలియదు, ఇంగ్లీషులో రాయాలంటే బెరుకు. ఆ ఖాళీలోకి కన్సల్టెన్సీ దూరుతుంది. మీ సార్‌కి ఎందుకు శ్రమ, మేమే రాసేస్తాం అంటుంది. లెక్చరరు హమ్మయ్య అనుకుంటాడు. మొదట్లో నేనూ రెండుసార్లు చదవకుండా సంతకం పెట్టాను. ఆ పిల్లలకి ఏం జరిగిందో తెలియదు గానీ, ఆ సంతకాలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇది చిన్న తప్పుగా చూడకండి. నా పేరుతో తెరిచిన మెయిల్ నుంచి నేను రాయని ఉత్తరం వెళ్లడం ఫోర్జరీ. 2024లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో పూర్తి స్కాలర్‌షిప్ మీద చదువుతున్న మన దేశపు కుర్రాడొకడు దొరికిపోయాడు. మార్కుల సర్టిఫికెట్లు నకిలీ, తండ్రి బతికుండగానే చనిపోయినట్టు పత్రం నకిలీ. యూనివర్సిటీ వెళ్లగొట్టింది, కేసు పెట్టారు, తిరిగి వచ్చేయాల్సి వచ్చింది. చేరాక కూడా కాగితం నకిలీదని తేలితే సీటు నిలవదు.

దీనికి దారి మన చేతిలోనే ఉంది. కౌన్సిలర్ రిపోర్టు ప్రిన్సిపాల్ ఇవ్వవచ్చు. టీచర్‌కి జులైలోనే చెప్పండి. ఒక పేజీలో మీ అబ్బాయి ఆ క్లాసులో చేసినవి, అడిగిన ప్రశ్నలు, వెనకబడి మళ్లీ పుంజుకున్న సందర్భాలు గుర్తుచేస్తూ రాసివ్వండి. అది టీచర్‌కి జ్ఞాపకం తెప్పించడానికి, ఉత్తరం ఆయనే రాస్తాడు. ఆయన ఇంగ్లీషు సాదాగా ఉంటుందని భయపడకండి. స్టడీ అవర్లో నలుగురికి నేర్పించే పిల్లవాడు అన్న ఒక్క నిజమైన విషయం రెండు పేజీల పొగడ్తకంటే బరువైనది. మంచి కన్సల్టెంటు ఇక్కడ చేయగలిగిందీ ఇంతే: ఉత్తరంలో కాలేజీలు ఏం చూస్తాయో టీచర్‌కి వివరించడం. మా మేడమ్ మా అమ్మాయి మ్యాథ్స్ లెక్చరర్‌తో ఇరవై నిమిషాలు ఫోన్లో మాట్లాడారు. మిగతాదంతా ఆయనే రాశారు, ఏం రాశారో మేము చూడలేదు, అడగలేదు.

ఆ నవంబరు కుర్రాడి విషయంలో వాళ్ల నాన్నగారిని పిలిపించి మాట్లాడాను. ఆ దొంగ ఐడీ తీయించి, నా సొంత మెయిల్‌కి లింకు తెప్పించుకుని ఉత్తరం నేనే రాశాను. రెండు ఆదివారాలు పట్టింది.

డబ్బు అవసరమైతే లిస్టే ప్రాణం

పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ఫీజు, హాస్టల్, తిండి కలిపి ఏడాదికి 85 వేల డాలర్లు దాటిపోయింది. నాలుగేళ్లకి లెక్కేస్తే మామూలు ఉద్యోగస్తుడి ఇల్లూ పొలమూ అమ్మినా చాలదు. అయితే కొన్ని కాలేజీలు కుటుంబం ఎంత కట్టగలదో లెక్కగట్టి మిగతాది తామే భరిస్తాయి, విదేశీ విద్యార్థులకి కూడా. ఇక్కడ రెండు రకాలున్నాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్స్ట్ చాలాకాలంగా, డార్ట్‌మత్, బౌడన్ 2022 నుంచి, బ్రౌన్ 2025లో చేరినవాళ్ల నుంచి, విదేశీ పిల్లవాడు ఆర్థిక సాయం అడిగాడా లేదా అన్నది సీటు నిర్ణయించేటప్పుడు చూడవు. స్టాన్‌ఫర్డ్‌తో సహా మిగతావాటిలో ఎక్కువ భాగం చూస్తాయి. అక్కడ ఎంత సాయం అడిగామన్నది కూడా సీటు మీద ప్రభావం చూపుతుంది.

వీటిలో ఎక్కువ భాగం మనకి తెలిసిన పేర్లే కావడంతో అందరూ ఆ ఎనిమిదింటికే ఎగబడతారు. అక్కడ పోటీ ఎంతో పైన చెప్పాను. మంచి కన్సల్టెంటుకి ఇచ్చే డబ్బులో సగం విలువ నా దృష్టిలో ఈ చోటే. మనం ఎన్నడూ పేరు వినని, పద్దెనిమిది వందలమందో రెండు వేలమందో చదివే చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు (సైన్సు, సాహిత్యం, సాంఘిక శాస్త్రాలు కలిపి చదివించేవి) అమెరికాలో చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని విదేశీ పిల్లలకి దండిగా సాయం చేస్తాయి. మా లిస్టులో అలాంటివి ఏడు మేడమ్ చేర్చారు. చివరికి మా అమ్మాయి చేరింది కూడా ఒహాయోలో అలాంటి ఒక కాలేజీలోనే. అప్పటిదాకా ఆ కాలేజీ పేరు మా బంధువుల్లో ఎవరికీ తెలియదు. “అదేం కాలేజీ?” అని పెళ్లిళ్లలో అడుగుతుంటే మొదట కాస్త ఇబ్బందిగా ఉండేది, ఇప్పుడు ఓపిగ్గా చెప్తున్నాను.

కాలిఫోర్నియా యూనివర్సిటీల సంగతి ఇందుకు తిరగేసి ఉంటుంది. బర్క్‌లీ, యూసీఎల్ఏ లాంటివాటికి శాట్ (అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష) స్కోరు చూడరు, టీచర్ల ఉత్తరాలు మామూలుగా అక్కర్లేదు, 350 పదాల లోపు నాలుగు చిన్న జవాబులు రాయాలి. కాలేజీలో ఎవరూ సహకరించని పిల్లలకి ఇది పెద్ద ఊరట. కానీ విదేశీ విద్యార్థులకి అవసరాన్ని బట్టి సాయం ఇవ్వరు. డబ్బున్న ఇంటి పిల్లలకే అది దారి.

ఎర్లీ డెసిషన్ అనే మాట కన్సల్టెంట్లు బాగా వాడతారు. నవంబరు 1 ప్రాంతంలో ఒకే ఒక్క కాలేజీకి, సీటిస్తే చేరతామని ముందే మాటిచ్చి అప్లై చేయడం. డిసెంబరు మధ్యలో ఫలితం. అవకాశం పెరుగుతుందన్నది చాలా కాలేజీల్లో నిజమే. కానీ సాయం మీద ఆధారపడే కుటుంబం ఇతర కాలేజీల ఆఫర్లతో పోల్చుకునే వీలు పోతుంది. ఇచ్చిన సాయం నిజంగా చాలకపోతే బయటపడే అవకాశం ఉంటుంది, అయినా ఆ టెన్షన్ మామూలుది కాదు. కాలేజీ వెబ్‌సైట్లో ఉండే ఖర్చు క్యాలిక్యులేటరు విదేశీ విద్యార్థులకి పనిచేస్తే అందులో మీ లెక్క వేసి చూడకుండా ఎర్లీ డెసిషన్ పంపమనే కన్సల్టెంటు మాట వినకండి.

ఫుల్ ప్యాకేజీ ఎప్పుడు?

అమ్మానాన్నలిద్దరికీ తీరిక లేక, డబ్బుకి ఇబ్బంది లేక, పిల్లవాడికి గడువులు గుర్తుచేసే మనిషి కావాలంటే ఫుల్ ప్యాకేజీలో అర్థం ఉంది. జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరిలో, ఇంటర్ పబ్లిక్ పరీక్షలు మార్చి ప్రాంతంలో, వాటికంటే ముందే జనవరి మొదటి రోజుల్లో రెగ్యులర్ (ఎర్లీ కాని) అప్లికేషన్ల గడువు. ఈ మూడింటి మధ్య నలిగే పిల్లవాడికి ఒక క్యాలెండరు పెట్టి నడిపించేవాళ్లుంటే మేలే.

నేను భయపడేది వాళ్లు ‘ప్రొఫైల్ బిల్డింగ్’ అని అమ్మే సరుకు గురించి. డబ్బు కడితే పేరు పడే పరిశోధనా పత్రం, మూడు వారాల్లో పుట్టి ఫోటోలు తీయగానే మూతపడే ఎన్జీవో, ఫీజు కట్టిన ప్రతివాడికీ సీటిచ్చే సమ్మర్ ప్రోగ్రాం. అమెరికాలో ఈ ధోరణి ఎక్కడిదాకా పోయిందో 2019 మార్చిలో లోకమంతా చూసింది. రిక్ సింగర్ అనే కాలేజీ కన్సల్టెంటు ధనవంతుల పిల్లల్ని ఆడని ఆటల్లో ఆటగాళ్లుగా చూపించి, పరీక్షల్లో మోసం చేయించి పెద్ద కాలేజీల్లో చేర్పించాడు. 2023 జనవరిలో అతనికి మూడున్నరేళ్ల జైలు పడింది. తల్లిదండ్రులూ జైలుకి వెళ్లారు. పిల్లల్లో కొందరికి తమ పేరుతో ఏం జరిగిందో కూడా తెలియదు.

నిజంగా చేసే పని చిన్నదైనా చాలు. తమ్ముడికి చదువు చెప్పడం, నాన్న షాపులో స్టాక్ రాయడం, పొలంలో మోటారు బాగుచేయడం, ఇవన్నీ ఆ ఫారంలో రాయదగ్గ పనులే. ఇంటిపనికీ, కుటుంబ బాధ్యతలకీ అక్కడ చోటుంది. ఇది చెప్పే కన్సల్టెంటు మంచివాడు.

ఇక ‘మా పిల్లలకి వచ్చిన సీట్లు’ అంటూ గోడ మీద పెట్టే లోగోల సంగతి. ఒకే పిల్లకి అయిదు కాలేజీల్లో సీటొస్తే అయిదు లోగోలు ఎక్కుతాయి. ఆ ఏడాది మొత్తం ఎంతమంది చేరారు, అందులో సాయం అడిగినవాళ్లెందరు, వాళ్లకి ఎక్కడ వచ్చింది అని అడగండి. లెక్క చెప్పలేనివాళ్ల దగ్గర లోగోలకి విలువ లేదు. గ్యారంటీ అన్న మాట వినిపిస్తే లేచి వచ్చేయండి.

ఎవరికి ఏది

కాలేజీ నుంచి పూర్తి ఆర్థిక సాయం కావాల్సిన ఇల్లయితే, పిల్ల ఇంగ్లీషులో బాగా రాస్తుంటే: ఎడ్యుకేషన్ యూఎస్ఏతో మొదలుపెట్టి, లిస్టు కోసం, ఎస్సే కోసం పది పదిహేను గంటలు కొనుక్కోవడం నా సలహా. అదీ కుదరకపోతే సొంతంగానే చేయండి, అప్లికేషన్ ఫీజు మాఫీ కూడా అడగవచ్చు. మన దేశంలో ఇలాంటి పద్ధతిలోనే ఎస్సేలు, ఇంటర్వ్యూలతో తీసుకునే అశోకా, శ్రీసిటీలోని క్రియా యూనివర్సిటీలకి కూడా అప్లై చేస్తే ఆ శ్రమ రెండు చోట్లా పనికొస్తుంది. వాటికైతే కన్సల్టెంటు అవసరమే లేదు. పిల్లవాడి మనసు నిజంగా జేఈఈ మీద ఉంటే మాత్రం రెండు పడవల మీద కాళ్లు పెట్టించకండి. నా క్లాసులో అలా రెండూ సగం సగమైన పిల్లల్ని చూశాను, చాలా బాధగా ఉంటుంది.

ఎవరిని ఎంచుకున్నా రెండు మాత్రం చేయిజారనివ్వకండి: మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్. నా స్టూడెంటు ఒకడి అప్లికేషన్లు కన్సల్టెన్సీ తమ మెయిల్ ఐడీతో నింపింది. ఫిబ్రవరిలో ఒక కాలేజీ తండ్రి ఆదాయం పత్రాలు మరోసారి పంపమని రాసింది. ఆ మెయిల్ వాళ్ల ఇన్‌బాక్సులో మూడు వారాలు పడి ఉంది. గడువు దాటాక చెప్పారు. అంతవరకు ఆ పిల్లవాడు రోజూ నన్ను అడిగేవాడు, “ఏమైనా వచ్చి ఉంటుందా సార్?” అని.

ఈ ఎంపికంతా ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలైపోయిన వేసవిలో తేల్చుకోండి. మొదటిసారి ఏ కన్సల్టెంటు దగ్గరికి వెళ్లినా తొమ్మిది, పది తరగతుల మార్కులు, ఫస్టియర్ మెమో వచ్చి ఉంటే అదీ, ఏడాదికి మీరు నిజంగా ఎంత పెట్టగలరో ఒక కాగితం మీద రాసుకున్న అంకె పట్టుకెళ్లండి. పిల్లనీ వెంట తీసుకెళ్లి, మాట్లాడే వంతు ముందు తనకి ఇవ్వండి. ఆ గంటలో కన్సల్టెంటు ఎక్కువసేపు ఎవరివైపు చూసి మాట్లాడారో గమనించండి. మా మేడమ్ ఆ మొదటి కాల్‌లో నాతో మాట్లాడింది రెండే నిమిషాలు, అదీ ఫీజు గురించి.